పంచె కప్పిన వెంకట్రావు

12-9-2011, సోమవారం
వెంకట్రావు కాలనీ, ఎల్.బి.నగర్

పొద్దటి నుంచి అయిన పని: మంచినీళ్ళు పట్టిన. పప్పుచారు, బీరకాయ కూర వండిన. పెండ్లి బియ్యం ఎండకు పోసి, చెరిగి, డబ్బాలకెత్తిన. దుప్పట్లు ఉతికి ఆరేసిన, వానకు మళ్ళ తీసి ఇంట్ల వేసిన. కాని పని: పసుపు పట్టించుడు, నీకు ఉత్తరం రాసుడు. రెండోది ఇప్పుడు చేస్తున్న.

అన్నకు, వదినెకు భాగ్యమ్మ నమస్కారాలు.

తెలంగాణ కోసం రేపటి నుంచి సమ్మె. బడులు, ఆఫీసులు, తర్వాత బస్సులు కూడ బంద్ అంటున్నరు. పోస్టు మాత్రం నడుస్తదని పోస్టుమేన్ చెప్పిండు. ఫోన్ చేద్దామంటే నీతోని కాదు. మగ్గాల మోతకు నీ చెవులు పోయినంక, నేను ఇక్కడ అరుస్తుంటే నువ్వు అక్కడ "ఆఁ, మంచిదే" అని పెట్టేస్తవు. మీ బావ కాలు విరిగిందని చెప్పినప్పుడు కూడ మంచిదే అన్నవు. వదినెకు చెప్తే ఆమె నీకు సగమే చెప్తది.

సంగతి ఏందంటే, సుప్రియ పెండ్లి ఖాయమైంది. అక్టోబర్ పదహారు, ఆదివారం. పిల్లగాడిది చౌటుప్పల్, మనోళ్ళే, మందుల కంపెనీల పని చేస్తడు. నెమ్మదస్తుడు. ఈ బందులతోని దిల్‌సుఖ్‌నగర్ల మీ బావ దుకాణం వారంల సగం దినాలు మూసే ఉంటున్నది. చీరలకు ఫాల్ కుట్టించుకునేటోళ్ళు కూడ వస్తలేరు. ఫంక్షన్ హాల్ మా తోని కాదు. అందుకని ఇంటి ముందరనే టెంటు వేస్తున్నం. మా ఇంటి ఓనరు సూర్యప్రభమ్మ గారు వాకిలంత వాడుకోమన్నరు.

అన్నా, గంప ఎత్తాలె. పెండ్లికూతురిని గంపల కూసోబెట్టి మండపం దాక తెచ్చేది మేనమామనే. సుప్రియకు నువ్వొక్కనివే ఉన్నవు.

నువ్వు ఏమంటవో నాకు తెలుసు. నేను ఈ ఇంట్ల కిరాయికి దిగినప్పటి నుంచి నువ్వు నా గడప తొక్కలే. పిల్ల పుట్టినప్పుడు తొట్టెల చీర పోస్టుల పంపినవు, చెవులు కుట్టినప్పుడు కమ్మలు పోస్టుల పంపినవు. గంప పోస్టుల ఎత్తరాదు గద. ఆలోచన చేసి రాయి.

నీ చెల్లె,
భాగ్యమ్మ


భివండి
18-9-2011

చెల్లె భాగ్యమ్మకు అన్న దశరథ దీవించి రాసేది.

పెండ్లి ఖాయమైనందుకు శాన సంతోషం. ఈడ మీ వదినెకు మోకాళ్ళ నొప్పులు. నాకు మిల్లుల రాత్రి పాళీ పని ఇచ్చిండ్రు. కరెంటు పోయినప్పుడు మగ్గాలన్ని ఆగుతయి గద, అప్పుడు అందరు ముచ్చట పెట్టుకుంటరు, నేను నోళ్ళు సూసుకుంట కూసుంట.

నేను రాను. ఎందుకనో నీకు మళ్ళొకసారి రాస్తున్న. నువ్వు అప్పుడు చిన్నదానివి, నీకు యాదికుండది.

ఆంధ్ర దిక్కు వెంకట్రావు సర్వే ఆఫీసరుగ మన పొలంకాడికి వచ్చిండు. కోటు వేసుకున్నడు. కొలిచెటందుకు మనిషి కావాలంటే నాయిన ముందల పోయి గొలుసు పట్టుకున్నడు. సర్కారు కొలుస్తున్నదంటే కరెంటు వస్తదనుకున్నడు. పొద్దుగూకెదాక తన పొలం మీద తనే గొలుసు గుంజిండు. సాయంత్రం వెంకట్రావు నాయిన చేతుల కూలి పెట్టిండు. నాయిన దండం పెట్టి తీసుకున్నడు. నేను గట్టు మీదికెల్లి సూసిన. తర్వాత కాగితాలొస్తే దాంట్ల మన పేరు లేదు, ఎవనిదో ఉన్నది. కొన్నొద్దులకు వాని కాడ వెంకట్రావే కొన్నడు, ప్లాట్లు కొట్టిండు, కాలనీకి తన పేరు పెట్టుకున్నడు. సచ్చినంక విగ్రహం పెట్టిచ్చుకున్నడు. విగ్రహం చేతుల గూడ చుట్టిన భూమి నక్షనే.

ఇంగ్లీషోళ్ళు పోయినా గసొంటి కోట్లు పోలే. మన పొలంల నువ్వు ఆయన పెండ్లానికి కిరాయి కడుతున్నవు. ఇప్పుడు వాళ్ళ వాకిట్ల బిడ్డ పెండ్లి. గల్లీలకు రావాలంటే ఉన్నది ఒక్కటే తొవ్వ, ఆ తొవ్వ మొదట్ల ఆయన నిలవడి ఉంటడు. ఆయన ముందలికెల్లి తల వంచుకొని నేను నడువ.

విగ్రహం పోతె వస్త. గిప్పుడు ఉద్యమం నడుస్తున్నది గద, పిలగాండ్లకు చెప్పు.

అన్న,
దశరథ


25-9-2011, ఆదివారం

అయిన పని: మిషన్ మీద మూడు జాకెట్లు. మినుములు నానబోసిన. కొబ్బరి కాయలకు అడ్వాన్సు ఇచ్చిన. కానిది: పత్రికల అచ్చు, నీ పేరు కింద ఏం వేయాలనో తెలువక ఆపిన.

అన్నకు నమస్కారం.

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించిన. నడిమిట్ల నన్ను తేకు అని పేపరు తిరగేసుకుంట కూసున్నడు. ఆయన సంగతి నీకు తెల్వనిదా.

మా మరిది కొడుకు కృష్ణ ఉన్నడు గద, ఉద్యమంల తిరుగుతడు, ఈ కాలనీ జేఏసీకి వాడే ముందల. ఇంటికొస్తే మెల్లగ అడిగిన, ఆ విగ్రహం ఉంచుతరా తీస్తరా అని. మార్చిల ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు కూలగొట్టినంక అందరి కండ్లు వీటి మీదనే ఉన్నయి. కృష్ణ చెప్పిండు: "మున్సిపాలిటోళ్ళకు కాగితం పెట్టినం పెద్దమ్మా. మర్యాదగ తీసి పక్కన పెట్టమన్నం. ఎవల భూమిల ఎవల విగ్రహం?" ఆ భూమి మనదని వానికి తెలువదు. నేను చెప్పలే. చెప్తే తెల్లారేసరికి విగ్రహం ఉండదు, సూర్యప్రభమ్మ కండ్ల ముందర అయితది అది. ఎనభై దాటిన మనిషి. సుప్రియకు టైఫాయిడ్ వచ్చినప్పుడు దవాఖానల నాతోని పాటు కూసున్నది ఆమెనే.

అయినా నీ కోసం ఆమెను కూడ అడిగిన. ఇద్దరం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నం. విగ్రహాన్ని మీ ఇంట్లకు తెచ్చి పెట్టుకుంటే ఏమైతది అమ్మగారూ, బయట రోజులు బాగలేవు అన్న. ఆమె చేతి పని ఆపకుండనే చెప్పింది: "లోపల పెట్టుకోడానికి ఫోటో ఉంది కదా భాగ్యం. ఈ కాలనీకి కుళాయి నీళ్ళు రావాలని ఆయన ఆరేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. అందుకని జనం పెట్టారది. ఆ నీళ్ళు నువ్వూ తాగుతున్నావుగా."

గొలుసు మాట నోటి దాక వచ్చి ఆగింది. అమ్మగారికి ఆ సంగతి తెలువనే తెలువదు. ఆమె దగ్గర ఉన్న వెంకట్రావు వేరే, నీ దగ్గర ఉన్న వెంకట్రావు వేరే. ఇద్దరూ నిజమే అయితే నేనేం చేయాలె.

ఇంకొకటి రాస్త, కోపం చేయకు. విగ్రహం నిలబడ్డది మన బాయి గడ్డ మీద. కూరగాయలకు పోయి వచ్చేటప్పుడు అది చూసే నేను మనసుల కొలుచుకుంట. ఇది బాయి, ఇక్కడికెల్లి టైలర్ దుకాణం దాక మన మడి, ఆ మెడికల్ షాపు కాడ తుమ్మచెట్టు. అది కూడ పోతే దేన్ని పట్టుకొని గుర్తుపట్టాలెనో తెలువదు.

పత్రికల నీ పేరు వేయించాలెనా?

భాగ్యమ్మ


భివండి
1-10-2011

చెల్లెకు,

నీ ఉత్తరం ముట్టింది. నాకు అర్థమైంది. కృష్ణ తీస్తమంటే నువ్వు అసలు సంగతి దాచిపెట్టి ఆపినవు. వెంకట్రావుకు నువ్వే కావలి ఉన్నవు. నాయిన పొలం గుర్తుకు గూడ నీకు ఆయననే కావలసి వచ్చిండు. నాకు విగ్రహాలు లేకున్న గుర్తే. కండ్లు మూసుకుంటే బాయి మెట్లు కనపడతయి.

నల్లా నీళ్ళ సంగతి రాసినవు. ఆ నల్లా రాకముందు మనం నీళ్ళు తాగలేదా? ఆ బాయిని పూడ్చింది ఎవలు? పూడ్చి, దాని మీద నిలవడి, నల్లా ఇచ్చిన అంటే నువ్వు దండం పెడుతున్నవు. నాయిన గూడ గట్లనే పెట్టిండు, ఆయనకు తెలువక పెట్టిండు. నీకు తెలుసు.

ఆమె వెంకట్రావు వేరే, నా వెంకట్రావు వేరే అని రాయకు. నువ్వు ఎటున్నవో రాయి.

నేను రావాలని నీకు గంత ఉంటే, ఆయన కండ్లకు గంతలు కట్టు. ఆయన నన్ను సూడకుండ, నేను ఆయనను సూడకుండ. గప్పుడు వస్త. పత్రికల పేరు నీ ఇష్టం.

దశరథ


8-10-2011, శనివారం

అయిన పని: టెంటు సామాను దిగింది, ఎంచి లోపల పెట్టించిన. పసుపు పట్టించిన. అరిసెల పాకానికి బెల్లం తెచ్చిన. విగ్రహానికి పంచె కప్పించిన.

అన్నకు నమస్కారం.

నీ ఉత్తరం దసరా తెల్లారి వచ్చింది. మొదటి సగం చదివి వంటింట్లకు పోయి ఏడ్చిన. రెండో సగం చదివి లేచిన. ఒక్క తొవ్వన్న చూపించినవు, అది చాలు.

సద్దుల బతుకమ్మ నాడు ఆడోళ్ళమంత ఆ విగ్రహం గద్దె చుట్టే ఆడినం. ఈ కాలనీల అంత ఖాళీ జాగ అదొక్కటే. సూర్యప్రభమ్మ ప్రతి ఏడు లెక్కనే కుర్చీ వేసుకొని కూసున్నది, చప్పట్లు కొట్టింది. ఆ ధైర్యంతోనే నిన్న పోయి ఆమెను అడిగిన, దాయకుండ. మా అన్న ఆయన ముందర నుంచి నడువనంటున్నడు, పెండ్లి అయ్యే దాక విగ్రహానికి గుడ్డ కప్పుకుంట అమ్మగారూ అన్న.

ఎందుకంత కోపం మీ అన్నయ్యకి అని అడిగింది. పాత సంగతి అన్న. ఇంకా అడుగుతదనుకున్న. లేచి లోపలికి పోయి పెట్టెల నుంచి పంచె తెచ్చింది. "ఆయనదే. పెద్దపన్నా, తల నుంచి కాళ్ళ దాకా వస్తుంది. మేనమామ రాకుండా పెళ్ళేమిటి. కప్పుకో" అన్నది.

మీ బావ టెంటోళ్ళ నిచ్చెన ఎక్కి కప్పిండు, జనపతాడుతోని మూడు దిక్కుల కట్టిండు. కిందికెల్లి నేను చెప్తుంటే, నీ అన్న పెండ్లికి వస్తడా, పెండ్లికొడుకై వస్తడా, ఇన్ని సింగారాలు అని గునుసుకుంటనే కట్టిండు. తెల్లటి పంచెల నక్ష కూడ కనపడుతలేదు అన్నా. ఒట్టి తెల్లటి ఆకారం. నువ్వు దాని పక్కకెల్లి నిమ్మళంగ నడిచి రావచ్చు.

పొద్దున పాలాయన అడిగిండు, కొత్త విగ్రహమా అక్కా, ఎవరిది, ఎప్పుడు ఓపెనింగ్ అని. నవ్విన. మధ్యాహ్నం ఒక ఆటో ఆయన కూడ ఆపి అడిగిండు. ఇప్పుడే చూసిన, ఎవరో పంచె మీద బంతిపూల దండ కూడ వేసి పోయిండ్రు. కృష్ణ సైదాబాద్‌ల ఏదో దీక్ష దగ్గర ఉన్నడు, జమ్మి పెట్టను కూడ రాలే. వస్తే చెప్పాలె.

పత్రికల నీ పేరు వేయించిన. మేనమామ అని.

భాగ్యమ్మ


భివండి
12-10-2011

చెల్లెకు దీవెనలు.

నేను కోపంల రాసిన మాట అది. గంతలు కట్టు అంటే నిజంగ కట్టుమని కాదు. ఏ చెల్లె కడుతది గట్ల. మీ వదినెకు నీ ఉత్తరం సదివి వినిపిచ్చిన, నవ్వి నవ్వి ఆఖరికి ఏడ్చింది. నువ్వు పోకపోతే నిన్ను ఈ ఇంట్ల ఉండనియ్య అన్నది.

వస్తున్న. పధ్నాలుగు రాత్రి బండికి. మీ వదినె మోకాళ్ళతోని రాలేదు. పిల్లకు చీర కొన్న, కుంకుమ రంగు, జరీ అంచు. బావను దిల్‌సుఖ్‌నగర్ల దుకాణం కాడ ఉండమను, ఇద్దరం కలిసి వస్తం. ఒక్కన్ని ఆ తొవ్వల రాను.

ఒక్కటి మాత్రం. గుడ్డ కప్పిన విగ్రహం అంటే జనం కొత్తది అనుకుంటరు. ఆవిష్కరణ ఉందంటేనే గట్ల కప్పుతరు. నువ్వు ఇంట్ల కూసొని ఆలోచిచ్చినట్టు ఊరు ఆలోచించది. కృష్ణకు చెప్పు, బెదరకుండ చెప్పు. లేకుంటే ఈ ఉత్తరం ముట్టంగనే గుడ్డ తీసెయ్యి. ఆయనను సూసుకుంటనే వస్త తియ్. ముసలోన్ని అయిన, ఎంతసేపు సూస్తడు నన్ను.

దశరథ


19-10-2011, బుధవారం

అయిన పని: ఎరువు తెచ్చిన గిన్నెలు ఎవరివి వాళ్ళకు ఇచ్చిన. టెంటు విప్పిండ్రు. వాకిలి కడిగిన.

అన్నా,

గుడ్డ తీసెయ్యి అని నువ్వు రాసిన ఉత్తరం మొన్న సోమవారం ముట్టింది. పెండ్లి ఆదివారం. మొదటి నుంచి రాస్త, మధ్యల ఏమన్న విడిచిపెడితే నువ్వు ఇంకొకటి అనుకుంటవు.

నువ్వు ఆ ఉత్తరం రాసిన సాయంత్రమే ఇక్కడ జనం వచ్చిండ్రు. కాలనీల ఆంధ్రోళ్ళు కొత్త విగ్రహం పెట్టిండ్రు, పదహారు నాడు ఓపెనింగ్, పెద్ద మంది వస్తున్నరు, టెంటు సామాను కూడ దింపిండ్రు. ఇట్ల పాకింది మాట. టెంటు మనది, పదహారు మనది. నేను చేసిన పనులన్ని వాళ్ళు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నరు.

దిల్‌సుఖ్‌నగర్ దిక్కు నుంచి, సైదాబాద్ నుంచి వచ్చినోళ్ళు, నాకు తెలిసిన మొఖాలు తక్కువ. దసరా నుంచి కాలనీల లేని కృష్ణ, పాతది తీసి కొత్తది పెట్టిండ్రనుకొని వాళ్ళతోని వచ్చిండు. వాడే తాడు తెంపి పంచె గుంజిండు. కింద చూస్తే అదే వెంకట్రావు, అదే కోటు, చేతుల అదే నక్ష. వెనుక ఎవరో నవ్విండ్రు. ఇక పోతరనుకున్న. కృష్ణ కూడ, పాతదే, కాగితం పెట్టినం, పోండ్రి అన్నడు. అంతల ఒకతను అన్నడు, పాతదైతే ఇన్ని దినాలు ఎందుకుంచిండ్రు అని.

కృష్ణ పక్కకు జరిగిండు.

లారీ తాడు తెచ్చిండ్రు. నేను ఉరికిన. పంచె కప్పింది నేను, మా అన్న కోసం కప్పిన అని చెప్పిన. పెండ్లి ఇంటామె నడుమ రాకమ్మా అని పక్కకు జరిపిండ్రు. పొలం మాది అని చెప్పుదునా? చెప్తే ఇంకా గట్టిగ గుంజుతరు. ఆమె మంచిది, ఆగుండ్రి అని చెప్పుదునా? నువ్వెవరు చెప్పెటందుకు అంటరు. ఏ మాట చెప్పినా అది పడేటందుకే పనికొస్తది. మీ బావ నా చెయ్యి పట్టుకొని నిలబడ్డడు.

పడ్డది. చెయ్యి విరిగి నక్ష పక్కకు పోయి పడ్డది. లోపల సలాకలు తప్ప ఏం లేవు.

సూర్యప్రభమ్మ గేటు దాక వచ్చింది. ఆమె కొడుకు సత్యప్రసాద్ ఆపుతున్నడు, బ్యాంకుల పెద్ద ఉద్యోగం ఆయనకు. "ఆ పంచె ఇప్పించండి బాబూ" అన్నది. అంతే. తాడు గుంజినోళ్ళల ఒకతను అది దులిపి, మడత పెట్టి తెచ్చి ఇచ్చిండు. మడత పెట్టి ఇచ్చిండు అన్నా.

ఇక పెండ్లి. శనివారం పొద్దుగాల వదినె ఫోన్ చేసి నువ్వు వస్తున్నవని చెప్పింది, అప్పటి నుంచి మీ బావ దుకాణం ముందర కూసున్నడు. రైల్ రోకో అని టీవీల చెప్తున్నరు. వదినెకు మళ్ళ ఫోన్ చేస్తే రాత్రే బండి ఎక్కిండు అన్నది. రాత్రి పది దాటినంక మీ బావ ఒక్కడే వచ్చిండు. ఆదివారం పొద్దున కూడ గల్లీ మొదటికి పోయి చూసి వచ్చిన. తొవ్వ ఖాళీగ ఉన్నది, నువ్వు కోరుకున్నట్టు. నువ్వు మాత్రం లేవు.

పిల్లను గంపల కూసోబెట్టినం. అయ్యగారు గడియారం చూస్తుండు. పిల్లగాడి వైపు వాళ్ళు గుసగుస పెట్టిండ్రు. అప్పుడు సత్యప్రసాద్ వచ్చిండు. ఆ సాయంత్రం నుంచి మాతోని ఎవరితోని మాట్లాడలే ఆయన. వాళ్ళమ్మను తెచ్చి కుర్చీల కూసోబెట్టి, నా దగ్గరికి వచ్చిండు.

"అక్కా, ముహూర్తం దాటిపోతోంది. నేను పట్టనా?"

గంపల నుంచి సుప్రియ తల ఎత్తి, పట్టు మామా అన్నది. చిన్నప్పటి నుంచి దానికి ఆయన మామనే. గంపకు రెండో దిక్కు మనిషి కావాలె. కృష్ణ వచ్చి పట్టిండు. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకోలే. ఒకరు ఎత్తు, ఒకరు పొట్టి. మండపం దాక గంప ఒక పక్కకు వంగే పోయింది. పిల్ల అంచులు గట్టిగ పట్టుకున్నది.

ఇది నీకు రాయాలెనా వద్దా అని రెండు దినాలు ఆలోచించిన. ఇంకొకరు చెప్తే ఇంకా వంకరగ వస్తదని రాస్తున్న. నువ్వు ఎక్కడున్నవో, ఇల్లు చేరినవో లేదో తెలువదు.

భాగ్యమ్మ


భివండి
25-10-2011

చెల్లె భాగ్యమ్మకు,

ఇల్లు చేరిన. పాణం బాగనే ఉన్నది.

బండి తాండూరుల ఆగింది. పట్టాల మీద మనోళ్ళే. డప్పులు నాకు ఇనపడవు గని రొమ్ముకు తగులుతయి. దిగి నిలవడితే ఎవలని అడిగిండ్రు. ఎల్.బి.నగర్ దిక్కోన్ని, పొలం పోతే భివండికి పోయిన, కరెంటు మగ్గాలు నడుపుత అన్న. నాకు దండ వేసిండ్రు. పట్టాల మీద ముందల కూసోబెట్టిండ్రు. పెద్దమనిషి భివండికెల్లి ఉద్యమానికి వచ్చిండు అని మైకుల చెప్పిండ్రట. పులిహోర పెట్టిండ్రు.

నా మేనకోడలు పెండ్లి ఉన్నది, నన్ను పోనియ్యిండ్రి అని నేను ఎట్లడుగుదు. చీర సంచి ఒళ్ళె పెట్టుకొని కూసున్న. సాయంత్రం ఒక జీపోడు పట్నం పోతున్న ఎక్కు అన్నడు. చెల్లె, నీ దగ్గర అబద్ధం రాయ. లేద్దమనుకున్న. మెడల దండ ఉన్నది. చుట్టూ అందరు నన్నే సూస్తున్నరు. లేవలే. మన కోసమని కూసున్నోళ్ళ నడుమలకెల్లి మనమే లేచి పోతే ఎట్లుంటది. మర్నాడు పొద్దెక్కినంక ముహూర్తం అయిపోయి ఉంటదని తెలిసినంక లేచిన. వెనుకకు పోయే బండి ముందు దొరికింది. ఎక్కిన.

నీ ఉత్తరం సదివి రెండు దినాలు అన్నం సయించలే. వెంకట్రావు పడ్డడంటే సంతోషం కావాలె. నలభై ఏండ్లు ఎదురుసూసిన దానికి. సంతోషం ఎందుకు వస్తలేదని మీ వదినెను అడిగిన. ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

గంప ఎత్తినోనికి బట్టలు పెట్టాలె. నువ్వు పెట్టే ఉంటవు. నేనూ పెట్టాలె. నా పని ఆయన చేసిండు. పార్శిల్ పంపుతున్న. చీర సుప్రియకు. ప్యాంటు గుడ్డ, షర్టు గుడ్డ ఆయనకు. ఆయన నాయిన మన నాయినకు కూలి ఇచ్చిండు. నేను ఆయనకు కూలి ఇస్తలేను, బట్టలు పెడుతున్న. ఆ తేడా ఆయనకు చెప్పకు. నీకు తెలిస్తే చాలు.

దశరథ


3-11-2011, గురువారం

అయిన పని: కరెంటు బిల్లు కట్టిన, సమ్మె ఆగినంక కౌంటర్ తెరిచిండ్రు. సుప్రియ చీర చౌటుప్పల్ పంపిన. పెద్ద అంబర్‌పేట్‌ల ఒక ఇల్లు చూసి వచ్చిన, నాదర్‌గుల్‌ల ఒకటి చూసి వచ్చిన. రెండూ నచ్చలే.

అన్నకు నమస్కారం.

ఇండ్లు ఎందుకు చూస్తున్న అంటే, సూర్యప్రభమ్మ వాళ్ళు ఈ ఇల్లు అమ్మిండ్రు. కూకట్‌పల్లి పోయిండ్రు. అక్కడ వాళ్ళ దిక్కు మనుషులు ఎక్కువ, అమ్మకి అక్కడ భయం ఉండదు అన్నడు సత్యప్రసాద్. మమ్మల్ని సంక్రాంతి దాక ఉండమన్నరు. కొన్నాయన పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతడట. నాయిన పొలంల ఇగ మనోళ్ళు ఎవరూ ఉండరు.

కృష్ణకు సంగతి తెలిసింది. మీ బావనే చెప్పిండు, ఇన్నేండ్లు నోరు మూసుకొని ఇప్పుడు చెప్పిండు. తెల్లారి వాడు నలుగురిని వెంటబెట్టుకొని వచ్చిండు. ఆ గద్దె మీద మీ నాయిన విగ్రహమే పెడదాం పెద్దమ్మా, గొలుసు పట్టుకున్నట్టే చేయిస్తం, ఒక ఫోటో ఇయ్యి అన్నడు. మన దగ్గర నాయిన ఫోటో ఏది. నాయిన ఒక్కసారన్న ఫోటోల దిగిండా. పోలిక చెప్తే బొమ్మ గీస్తరట. కూసొని చెప్పబోయిన. ముక్కు చెప్పిన, మీసం చెప్పిన. వాళ్ళు గీసింది చూస్తే ఎవరో వేరే మనిషి. అందరు తలో పేరు చెప్తున్నరు ఇప్పుడు, ఎవరి విగ్రహం పెట్టాలెనని. కొట్లాట దాక పోయింది. అంతల మున్సిపాలిటోళ్ళు వచ్చి గద్దె కూడ తీసేసి, సిమెంటు పోసి చదును చేసిండ్రు. కూరగాయలకు పోతూ నిన్న అక్కడ ఆగిన. బాయి ఇటా అటా అని నాకే తెలుస్తలేదు. నీకు కండ్లు మూసుకుంటే కనపడతది అన్నవు. వచ్చినప్పుడు చూపించు.

నీ పార్శిల్ వాళ్ళు సామాను ఎక్కిస్తున్న నాడు వచ్చింది. విప్పి, బట్టలు పళ్ళెంల పెట్టి, బొట్టు పెట్టుకొని తీసుకపోయిన. సత్యప్రసాద్ వ్యాన్ పక్కన ఉన్నడు. మీరు పెట్టారు కదా అక్కా, మళ్ళీ ఇదేంటి అన్నడు. మా అన్న పెట్టిండు అన్న. పళ్ళెం వైపు చూసి, "మీ అన్నయ్యకి మా నాన్నంటే పడదని అమ్మ చెప్పింది. ఏం జరిగిందక్కా?" అని అడిగిండు.

ఇంతకాలానికి ఒకరు అడిగిండ్రు. నోరు తెరిచిన. వ్యాన్ ముందు సీట్ల అమ్మగారు కూసొని ఉన్నది, ఒళ్ళె సంచి, నా దిక్కే చూస్తున్నది. వయసు మీద పడ్డ మనిషి, ఇల్లు విడిచి పోతున్న మనిషి. చెప్తే ఆమె తోని ఏం తీసుకొని పోతది? చెప్పకపోతే నాయినకు నేనేం చేసినట్టు? రెండూ ఒక్కసారే తోచినయి, రెండూ సరిగనే తోచినయి. ఇప్పుడెందుకు తమ్మీ, దూరం పోవాలె, బయలెల్లుండ్రి అన్న. ఆయన మళ్ళ అడుగలే. బట్టలు కండ్లకు అద్దుకొని తీసుకున్నడు. అమ్మగారు చెయ్యి బయట పెట్టి నా తల నిమిరింది. వ్యాన్ పోయింది.

అన్నా, ఇప్పుడు నువ్వు రావచ్చు. విగ్రహం లేదు. వాళ్ళు లేరు. రైళ్ళు నడుస్తున్నయి. పెండ్లి కూడ లేదు, అందుకని ఏం చెప్పి రమ్మనాలెనో నాకు తోస్తలేదు. ఊకనే రా.

వదినె మోకాళ్ళకు ఆముదం కాచి పట్టించమను.

భాగ్యమ్మ

సుప్రియ గంప ఎత్తినందుకు సత్యప్రసాద్‌కు దశరథ అన్న పెట్టవలసిన బట్టలు: పెట్టిన. ఆ బాకీ చెల్లు.